మా అత్త కట్టిన కట్టు

ఇప్పుడు నా చేతులు చూస్తే అక్కడ ఏదో జరిగిందని ఎవరికీ తెలియదు. ఎడమ మోచేతి మడతలో చర్మం కొంచెం నల్లబడింది, అంతే. అన్నం చేత్తో కలుపుకుని తింటున్నాను. బస్సులో పక్కవాళ్ళు జరిగి కూర్చోవడం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి బాధలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, చివరికి ఏమైందోనన్న గుబులుతో చదవకూడదు.

మాది బళ్ళారిలో బ్రూస్‌పేట. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. మా ఆయన ఎర్రిస్వామి లగేజీ ఆటో నడుపుతాడు. మా అమ్మాయి పూజ పీయూసీ చదువుతోంది. మా అత్త హంపమ్మ మాతోనే ఉంటుంది. నేను జీన్స్ ప్యాంట్ల పని చేస్తాను. కుట్టి, రంగు పోగొట్టి, ఉతికి వచ్చిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించాలి, గుండీలు సరిచూడాలి, మడిచి కవర్లలో పెట్టాలి. మా వీధిలో సగం ఇళ్ళలో ఇదే పని. సాయంత్రానికి గోళ్ళ సందుల్లోకి నీలం దిగుతుంది. సబ్బుతో రుద్దితే పోతుంది, మళ్ళీ పొద్దున వస్తుంది. అదొక జబ్బుకు దారి అవుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

శివరాత్రి వెళ్ళాక ఒక లాటు వచ్చింది. మూట విప్పగానే ముక్కు మండింది. సరిగ్గా జాడించకుండానే ఆరబెట్టి పంపినట్టున్నారు. దాని మీద పని చేసినన్నాళ్ళూ మణికట్లు దురద పెట్టాయి. చెమటకాయ అనుకున్నాను. ఆ దురద మోచేతుల దాకా పాకింది. సన్నటి పొక్కులు లేచి, పగిలి, నీళ్ళు కారాయి. వేపాకు నూరి పట్టించాను. పసుపు పెట్టాను. మంట ఎక్కువైంది తప్ప తగ్గలేదు. నీళ్ళు తగిలితే చాలు, చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు ఉండేది.

ఇంట్లో ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. అంట్లు పూజ తోమేది. కూరగాయలు అత్త తరిగేది. నేను చెంచాతో అన్నం తినడం మొదలుపెట్టాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నాకు ముందుగా బిందె పట్టుకోనిచ్చేవాళ్ళు. మొదట మర్యాద అనుకున్నాను, తర్వాత అర్థమైంది, నేను త్వరగా వెళ్ళిపోవాలని. మా ఆయన ఒకటే పాట పాడేవాడు.

“ఆ పని ఇడిసిపెట్టు అంటాండా గదా. ఇంటావా నా మాట?”

“ఇడిసిపెట్టి ఏం సేయల్ల? ఇంట్లో కూసోని గోడలు సూడల్లనా?”

గొంతులు పెరిగేవి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. మా మాటలు పక్కింటికి వినపడకుండా ఉండవు. ఈ గొడవలే తర్వాత మా మెడకు చుట్టుకున్నాయి కాబట్టి చెబుతున్నాను.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ వరండాలో కూర్చుంటే ఒక విచిత్రం కనిపించింది. వేరే ఆసుపత్రుల్లో జనం ఒకరి జబ్బు ఒకరు అడిగి తెలుసుకుంటారు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. ఆడపిల్లలు చున్నీతో ముఖం కప్పుకున్నారు. ఒకాయన మండే ఎండలో నిండు చేతుల చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. నేను కొంగు రెండు చేతులకూ చుట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను.

బల్ల మీద కూర్చున్న ఒకావిడ తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, “ఇలా వచ్చి కూర్చోండి, ఎంతసేపు నిలబడతారు?” అంది. మాటను బట్టి కోస్తా వాళ్ళని తెలిసింది. హచ్చొళ్ళిలో కాలువ కింద వరి పండిస్తారట, కాళ్ళకు ఏదో వచ్చిందట.

“నా చేతులు బాగలేవమ్మా, తగుల్తాయి” అన్నాను.

“బాగున్నోళ్ళు ఇక్కడికెందుకు వస్తారండీ? కూర్చోండి” అని నవ్వింది. వారాల తర్వాత ఒక పరాయి మనిషి భుజానికి నా భుజం ఆనింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరమ్మ కన్నడం ఆమె, తెలుగు బాగా మాట్లాడుతుంది. నా చేతులు వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పని గురించి అడిగింది. అంటుకునే జబ్బు కాదని చెప్పింది. ఆ మాట వింటూనే నాకు ఏడుపొచ్చింది. దురదకు మాత్రలు రాసింది, ఒక ట్యూబు రాసింది.

“నోడమ్మా, దీనిలో రెండు మందులుండాయి. ఒకటి తిమ్మిరి ఎక్కించి నొప్పి తెలీకుండా సేస్తుంది, ఇంకోటి వాపు తగ్గిస్తుంది. పొద్దున, సాయంత్రం స్వల్పమే పూయాల, పల్చగా. ఎర్రగా ఉండే సోట మాత్రమే. పగిలి నీళ్ళు కారే సోట వద్దు. పైన కట్టు కట్టకూడదు, కాపడం పెట్టకూడదు. బాగుంది గదా అని మీకు మీరే ఎక్కువ దినాలు పూసుకోవద్దు. వచ్చే వారం నాకు సూపించండి.”

నేను తల ఊపాను. బయట ఆటోలో మా ఆయన హారన్ కొడుతున్నాడు. ఇంటికి వచ్చి అత్త “ఏమనిరి?” అని అడిగితే, “పొద్దున, సాయంత్రం పూసుకోమనినారు” అన్నాను. అడిగినదానికి అంతే జవాబు కదా, ఎవరైనా అంతే చెబుతారు.

మొదటిసారి పూసుకున్నప్పుడు వచ్చిన సుఖం మాటల్లో పెట్టలేను. మంట మెల్లగా దూరం జరిగిపోయింది. చెయ్యి నాదే, కానీ దాని గోల వినపడడం లేదు. ఆ రోజు సంగటి నేనే కెలికాను. చెప్పినట్టే పల్చగా, మణికట్టు పైన ఎర్రగా ఉన్న చోటే పూసుకుంటూ వచ్చాను. ఎరుపు తగ్గుతూ ఉంది. పగుళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఉగాది దగ్గరపడింది. ఇల్లు దులుపుతుంటే సున్నపు దుమ్ము చేతుల మీద పడింది. మర్నాటికి పగుళ్ళన్నీ ఇంకా పెద్దగా నోళ్ళు తెరిచాయి. ఆ మధ్యాహ్నం ఎండ పెంకులు పేలేట్టుగా ఉంది. దురద మాత్ర వేసుకుని చాప మీద పడుకున్నాను. నిద్ర రాదు, మెలకువా కాదు. మా అత్త ముందు నేనెప్పుడూ ఏడ్చింది లేదు. ఆ రోజు ఆపుకోలేకపోయాను.

“ఎంత తక్లీఫు పడతాండావే తల్లీ” అంటూ వచ్చి పక్కన కూర్చుంది. గూట్లోంచి ట్యూబు తీసింది. మా అత్త మోకాళ్ళు వాచినప్పుడు ఆముదపాకు వెచ్చజేసి, నూనె పూసి, గుడ్డతో బిగించి కట్టుకుంటుంది. మందు గాలికి పోకూడదు, వేడి తగిలితే లోపలికి దిగుతుంది, అది ఆమె వైద్యం. అదే వైద్యం ప్రేమగా నాకూ చేసింది. మోచేతుల నుంచి మణికట్ల దాకా, పగుళ్ళ మీదా, నీళ్ళు కారే చోటా, సున్నం వేసినట్టు మందంగా పూసింది. ప్యాంట్లు పెట్టే ప్లాస్టిక్ కవర్లు చీల్చి చుట్టి, పైన పాత చీర గుడ్డ కట్టింది. దాని మీద తన మోకాళ్ళకు వాడే వేడినీళ్ళ సంచి పెట్టింది.

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఏదో చుడుతోందని తెలుసు. మగతలో డాక్టరమ్మ మాట గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది వేరే. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నన్ను ఇలా ముట్టుకోవడం ఇదే మొదలు. మంట పోయింది. హాయిగా ఉంది. అలాగే ఉండిపోయాను.

ఎంతసేపటికో తెలియదు, నోట్లో రేకు నాకినట్టు రుచి తగిలింది. పెదవులు మొద్దుబారాయి. నాలుకతో తడిమితే ఎవరి పెదవులో అన్నట్టున్నాయి. చెవుల్లో తేనెటీగలు మొదలయ్యాయి. లేవబోతే గది ఒక పక్కకు ఒరిగింది. గుండె ఒకసారి గబగబా కొట్టుకుని, ఒకసారి మరిచిపోయి, మళ్ళీ కొట్టుకుంటోంది.

“అత్తా, నా మూతి యాడుండాది?” అన్నానట.

అత్త మొదట ఎండదెబ్బ అనుకుని, చేతుల కట్లు విప్పేసి మజ్జిగ తెచ్చింది. అది మింగలేక గడ్డం మీదుగా కారిపోయింది. నా వేళ్ళు వాటంతటవే వణుకుతున్నాయి. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన పూజ గడపలో నిలబడి చూసి, సంచి అక్కడే పడేసి నాన్నకు ఫోన్ చేసింది. ఆయన సరుకు దింపే చోట సరుకు అలాగే వదిలి వచ్చాడు. ఆటో వెనక గోనెపట్టాల మీద నన్ను పడుకోబెట్టారు. అత్త ఒళ్ళో నా తల. దారి పొడుగునా నా చెంపలు తడుతూ, “లచ్చిమీ, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు” అంటూనే ఉంది. నాకు ఆమె నోరు కదలడం కనిపించేది, మాట మాత్రం చాలా దూరం నుంచి వచ్చేది. అప్పుడు నేను చచ్చిపోతున్నానని గట్టిగా అనుకున్నాను. ఏడుపు రాలేదు. పూజ మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో అన్న ఆలోచన ఒక్కటే తిరిగింది.

ఆసుపత్రిలో ఎవరో కుర్ర డాక్టరు, ఎర్రటి కళ్ళు, నిద్ర లేనివాడిలా ఉన్నాడు. కంట్లోకి లైటు వేశాడు.

“ఏం తాగింది? పురుగుల మందా? మాత్రలేమన్నా ఎక్కువ మింగిందా?”

“లేదు సార్, ఇంట్లో పండుకోనుండె” అన్నాడు మా ఆయన.

“ఇంట్లో గొడవలేమన్నా జరిగినాయా? నిజం చెప్పండి, లేటైతే ప్రాణానికే మోసం.”

ఆయన మాట్లాడలేదు. ముందు రోజు కూడా మేము పోట్లాడుకున్నాం. ఈమె నిజంగానే ఏదైనా మింగిందేమోనని ఆ క్షణంలో ఆయనకూ అనుమానం వచ్చిందట. తర్వాత నాతో ఒప్పుకున్నాడు. పూజకు ఏమీ తెలియదు. నేను నోరు తెరిస్తే మాటలు ముద్దలుగా పడుతున్నాయి. కడుపు కడిగేందుకు గొట్టం తెమ్మని డాక్టరు నర్సుకు చెబుతున్నాడు.

అప్పుడు మా అత్త అందరినీ తోసుకుని మంచం దగ్గరికి వచ్చింది.

“అప్పా, ఆ పాప ఏమీ మింగలేదు. నేను సేసినా. నేను సెప్తా, ఇను” అంది. కొంగు ముడి విప్పి ట్యూబు ఆయన చేతిలో పెట్టింది. “ఇది పూసినా. ఈడనుంచి ఈడదాకా. శానా పూసినా, పుండ్ల మింద గూడ. ప్లాస్టిక్ సుట్టినా. ఉడుకునీళ్ళ సంచి పెట్టినా. మాత్ర ఒక్కటే ఏసుకునె. ఇంతే. ఒక్క మాట గూడ దాసలేదు.”

ఆ డాక్టరు ట్యూబు మీద చదివాడు, నా చేతులకు ఇంకా అంటుకుని ఉన్న తెల్లటి మందు చూశాడు. గొట్టం వద్దన్నాడు. నర్సులిద్దరు నా చేతులు సబ్బునీళ్ళతో మెత్తగా కడిగారు. ఎదకు వైర్లు అంటించారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, సూది గుచ్చి సెలైన్ ఎక్కించారు. గుండె గీతలు చూసే తెర మీద నుంచి చాలాసేపు ఎవరూ కళ్ళు తిప్పలేదు. మెల్లగా చెవుల్లో తేనెటీగలు ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. పెదవులు నావయ్యాయి.

నాకు తెలివి కుదుటపడేసరికి బయట వరండాలో మా ఆయన గొంతు వినిపించింది.

“సంపేస్తాంటివి గదమ్మా! ఎవురు పూయమనిరి నిన్ను? నీకు తెలుసునా, సదివినావా?”

తర్వాత పూజ చెప్పింది, అవ్వ నేల మీద గోడకు ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుందట. ఒక నర్సు వచ్చి చాయ్ గ్లాసు ఆమె ముందు పెట్టి, “అజ్జీ, నీను హేళిద్దు ఒళ్ళేదాయితు” అందట. నువ్వు చెప్పడమే మంచిదైంది అని. చాయ్ చల్లారిపోయిందట.

మర్నాడు ఇంటికి పంపించారు. ఒంటికి ఏమీ మిగల్లేదని అన్నారు గానీ, భయం మిగిలింది. పని మధ్యలో ఆగి నాలుకతో పెదవులు తడుముకునేదాన్ని. గుండె మీద చెయ్యి వేసుకుని వినేదాన్ని. పూజ ముఖానికి పౌడరు రాసుకుంటుంటే కూడా నాకు దడగా ఉండేది.

మళ్ళీ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, ఈసారి మా ఆయన కూడా లోపలికి వచ్చాడు. తిడుతుందనుకున్నాను. ఆమె అంతా విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మందు చెడ్డది కాదమ్మా. బాగుండే తోలు గోడ మాదిరి, ఎక్కువ లోపలికి పోనీదు. గోడ పగిలితే నీళ్ళు ఆగుతాయా? పగుళ్ళ మీద అంత మందు పూసి, గాలాడకుండా మూసి, వేడి పెడితే నెత్తుట్లోకి పోయింది. నెత్తుట్లోకి పోయిన తిమ్మిరి మందుకు తోలేది, గుండేది అని తెలీదు గదా. నేను మీకు చెప్పినా. ఇంట్లో ఇంకెవరు చూసుకుంటారని అడగలేదు. ఇకమీద అడుగుతా.”

ఈసారి తిమ్మిరి లేని మందు ఇచ్చింది, వాపు తగ్గించేది ఒక్కటే. దాన్నీ పల్చగానే, కొద్ది రోజులే వాడమంది. ఎక్కువ రోజులు వాడితే చర్మం కాగితంలా పల్చబడుతుందట. పగుళ్ళు మానేదాకా జీన్స్ ముట్టుకోవద్దంది. చర్మం ఎండిపోకుండా రోజంతా పూసుకునేందుకు మందేమీ లేని వట్టి క్రీము వేరే రాసింది. వచ్చేటప్పుడు మా ఆయన తలుపు దగ్గర ఆగి, “మేడం, ఇది గూడ కట్టు కట్టకూడదు గదా?” అని అడిగాడు. నేను ఆయన వంక చూశాను. ఆసుపత్రుల్లో ఆయన ప్రశ్న అడగడం అంతకు ముందు చూడలేదు.

వేసవి మధ్యలో పక్కింటి రత్నమ్మ వచ్చింది. “నీ కాడ ఆ పాత ట్యూబు ఉండాదంట గదా వదినా. మా పాప మొగానికి మచ్చలు లేసినాయి, స్వల్ప ఇయ్యి, పూసి సూస్తాం” అంది. నేను ఇవ్వనన్నాను. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పనికి రాదని, ముఖానికైతే ఇంకా ప్రమాదమని నాకు తెలిసినంత చెప్పాను. “ఇయ్యకుంటే ఇయ్యనని సెప్పు, కతలెందుకు?” అని విసురుగా లేచి వెళ్ళింది. చాలా రోజులు మాట్లాడలేదు. ట్యూబు మాత్రం ఆ సాయంత్రమే నొక్కి ఖాళీ చేసి పారేశాను.

చేతులు మానుతున్నాయి గానీ ఇంట్లో ఒకటి మానలేదు. మా ఆయన తల్లితో మాట్లాడడం మానేశాడు. ఆమె నాతో మాట్లాడేది, కానీ నన్ను ముట్టుకునేది కాదు. గ్లాసు చేతికి ఇవ్వకుండా నా పక్కన నేల మీద పెట్టి వెళ్ళేది. నేను వంటింట్లోకి వెళ్తే ఒదిగి గోడకు జరిగేది. ఆ చేతులు ఏదో పాపం చేసినట్టు, వాటిని ఎప్పుడూ కొంగు కింద ఉంచుకునేది.

ఒకనాడు అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను. “ఆసుపత్రిలో నేను మాట్లాడలేకపోతిని. నువ్వు మాట్లాడకపోతివి. కొడుకు తిడతాడు, డాక్టరు పోలీసులకు పట్టిస్తాడు అనుకోని ఆయమ్మ గూడ గమ్మునుండింటే? నా కడుపులో గొట్టం ఏసి ఎతుకుతాండ్రి, లేని ఇసం కోసం.”

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలి వంటింటి వైపు చూసి, “అమ్మా, నీ మోకాళ్ళు యా డాక్టరుకూ సూపించలేదు గదా. రేపు పోదాం, రెడీగుండు” అన్నాడు. లోపల్నుంచి “ఊ” అని మాత్రం వినిపించింది.

శ్రావణం వచ్చింది. వానలకు వీధి చల్లబడింది. ఒక మధ్యాహ్నం నేను ఆ వట్టి క్రీము తీసుకుని మా అత్త ముందు కూర్చుని రెండు చేతులూ చాపాను.

“అత్తా, కొంచెం పూయి.”

ఆమె వెనక్కి జరిగింది. “నేనొద్దమ్మా. పూజ వస్తానే పూపిచ్చుకో.”

“పూజ కాలేజీలో ఉండాది. ఇప్పుడే ఎండిపోయి దురద పెడతాంది.”

“నీకు సేతులు లేవా?”

“ఉండాయి. నువ్వు పూస్తే బాగుంటుంది.”

ఆమె ఆ క్రీము వైపు పాము వైపు చూసినట్టు చూసింది. “దీనిలో ఏముండాది?”

“మందేమీ లేదు. వట్టి తేమ కోసం.”

“అట్ల నువ్వు సెప్తే ఐతాదా? మింద ఏమో రాసుండాది గదా. సదువు.”

చదివాను. కన్నడంలో ఉన్నది చదివాను, ఇంగ్లీషులో ఉన్నది తడుముకుంటూ చదివాను. కళ్ళకు తగలనివ్వద్దని, పిల్లలకు అందకుండా ఉంచమని, చల్లని చోట పెట్టమని. మధ్యలో ఆపితే “ఇంకా ఉండాది, కింద సన్నగా ఉండేది గూడ సదువు” అంది. అదీ చదివాను. కళ్ళు మూసుకుని, పురాణం విన్నట్టు చివరిదాకా విన్నది.

తర్వాత గోడ పట్టుకుని లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చింది. చీర కొంగుకు తుడుచుకుంది. నా ఎదురుగా కూర్చుని, వేలి కొసన బియ్యపు గింజంత క్రీము తీసుకుని నాకు చూపించింది.

“ఇంత సాలునా?”

“ఇంకొంచెం తీసుకో అత్తా, పర్వాలేదు.”

“సాల్లే. తక్కువైతే మళ్ళీ తీసుకుంటా” అని నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.